ఏటి మొగ మూసి ఉన్నన్నాళ్లు

ఆగస్టు 4

నా రాత బాగుండదు. చెయ్యి వణుకుతుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మరిచిపోయాను. అయిదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత వల పట్టానే గాని కలం పట్టింది లేదు. తప్పులుంటే మన్నించాలి. ఎవరు మన్నించాలో తెలియదు, ఇది చదివేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఏది రాసినా మొదట అట్లా రాయాలని మా అయ్యవారు నేర్పించాడు.

ఈ డైరీ బ్యాంకు వాళ్లు సంఘానికి ఇచ్చింది. పోయిన సంవత్సరానిది, వారాలు కలవవు. సాయిలక్ష్మి చిత్తుకాగితాల్లో పారేస్తుంటే తీసుకున్నాను.

"ఎందుకు మామా?" అంది.

"ఊరికే" అన్నాను.

ఎందుకంటే, రేపు కాపుల కట్ట మీద, అంటే ఊరిపెద్దలు కూడి తీర్పు చెప్పే చోట, కూర్చోవాలి. ఊరి ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ ఇసుక పూడి మూసుకుని ఉంది. ఏటా మూసుకునేదే. కార్తీకం ముందర వానలకు ఎర్రటి కొత్తనీళ్లు వచ్చి, ఏరు నిండి, మొగ తనే తెగుతుంది. ఆలోగా లోపల రొయ్య పెరుగుతుంది. ఇప్పుడే పారలతో కొట్టేద్దామని హజరత్తయ్య వాళ్లు అంటున్నారు. కొట్టాలా వద్దా అనేది రేపు తేలుతుంది.

ఆడవాళ్లు కట్ట దగ్గరికి రాకూడదు. సాయిలక్ష్మి నా కోడలు. ఎండురొయ్యలు అమ్మే సంఘం ఆమెది. ఆమె మాట నేను చెప్పాలి. అన్నం పెడుతూ అంది: "మామా, నువ్వు వద్దని ఒక్క మాట అంటే చాలు. ఏట్లో నువ్వు తిరగని మూల ఉండాదా? నీ మాట తియ్యరు."

చెప్పవలసింది ఇక్కడ రాసుకుంటున్నాను. "కొత్తనీళ్లు రాలేదు. రొయ్య చిటికెన వేలంత కూడా కాలేదు. ఇప్పుడు కొడితే ఏరు ఖాళీ అవుతుంది. వద్దు."

నాలుగు మాటలే. చూడకుండా వచ్చింది.

ఆగస్టు 5

కట్ట దగ్గరికి పోయి వచ్చాను. మొగ కొడతారు.

ఆగస్టు 6

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

పెద్దకాపు రమణయ్య వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. మేమంతా కట్ట మీద. హజరత్తయ్య చెప్పుకుంటూ పోయాడు. వాడూ నేనూ ఒక ఈడువాళ్లం, ఒకే పడవ ఎక్కినవాళ్లం. వాడికి మాట నీళ్లలా వస్తుంది. "ఏట్లో రొయ్య కుప్పలుకుప్పలుగా ఉండాది. మొగ కొట్టి అడ్డంగా వల కడితే పొద్దు గూకేలోగా పడవలు నిండతాయి. కార్తీకం దాకా కూర్చుంటే మన నోట్లో ఎవురు పెడతారు?"

రమణయ్య నా వైపు తిరిగాడు. "పోలన్నా, నువ్వేమంటావు?"

నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడు హజరత్తయ్య నవ్వాడు.

"ఆయన్ని అడగతావేంది పెద్దకాపూ? ఆ ఇంట్లో కాపు సాయిలక్ష్మి. ఆయమ్మ ఏం నేర్పి పంపించిందో అదే అప్పజెప్తాడు. ఏరా పోలా, పాఠం బాగా వచ్చిందా?"

అందరూ నవ్వారు. రమణయ్య కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

నిజంగానే నేను పాఠంలా వల్లె వేసుకుని పోయాను. వాడికెలా తెలిసింది?

నాలుగు మాటలూ గొంతులోనే ఉన్నాయి. అవి చెబితే కోడలు నేర్పిన పాఠమని అనేస్తారు. ముఖం వేడెక్కింది. "అయితే కొట్టేదేనా?" అన్నాడు రమణయ్య. నేను తల ఊపాను.

ఊ అనలేదు. తల ఊపాను, అంతే.

ఇంటికి వచ్చేసరికి సాయిలక్ష్మి చేట పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమనిరి మామా?"

"కొడతారంట."

"నువ్వు చెప్పినా వినలేదా?"

కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాను.

అబద్ధం చెప్పలేదు. కట్ట మీద ఎవరు ఏమన్నారో ఇంట్లో చెప్పకూడదని పాత కట్టడి. అందుకనే చెప్పలేదు.

ఆగస్టు 8

మోకాలు నొప్పి అని ఇంట్లోనే ఉన్నాను. మోకాలు నొప్పి లేదు. పొద్దున్నే ఇసుకదిబ్బ మీద పారల చప్పుడు, తర్వాత కేకలు. ఆ తర్వాత నీటి మోత ఇంట్లోకి వినబడింది. చీర చింపినట్టు మొదలై, ఆపైన లారీ పోతున్నట్టు.

ఎంతసేపటికీ తగ్గలేదు.

ఆగస్టు 9

పడవలు నిండాయి. హజరత్తయ్య చెప్పినట్టే నిండాయి. కాని రొయ్య సగం కూడా పెరగలేదు. అరచేతిలో వేసుకుంటే వేళ్ల సందుల్లోనుంచి జారిపోతుంది. నెల్లూరు నుంచి వచ్చిన షావుకారు మనిషి బుట్టలోకి చూసి పెదవి విరిచాడు. కోళ్ల దాణాకి తీసుకుంటానన్నాడు.

మా వాకిట్లో సంఘం వాళ్లు పోగయ్యారు. నేను లోపల మంచం మీద ఉన్నాను. తలుపు సందులోంచి మాటలు వినబడ్డాయి.

"మనమైనా కొందాంలే అక్కా. ఎండబెడితే పొట్టు అవతాది, అమ్ముకోవచ్చు" అంది ఉషారాణి. ఆమె సంఘంలో అందరికంటే చిన్నది, తొందర ఎక్కువ.

"కొననుమే."

"మనం కొనకపోతే కోళ్లు తింటాయి. కోళ్లకి లేని నీతి మనకెందుకు?"

ఎవరో నవ్వారు. సాయిలక్ష్మి నవ్వలేదు. "ఈ పొద్దు మనం చిన్నది కొన్నామంటే, వచ్చే ఏడు మొగ కొట్టేది మన కోసరమే కొడతారు. సంఘం వాళ్లు కొంటారులే అని. మన పాకెట్టు మీద ఏం రాసినాం? కొత్తనీళ్ల రొయ్య అని. ఈ నీళ్లు కొత్తవా?"

"అయితే ఈ ఏడు తినేదేంది?"

సాయిలక్ష్మి చేట దులిపిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఆమె గొంతు: "మా మామ చెప్పి చూసినాడు. కట్ట మీద ఆయన ఒక్కడే వద్దన్నాడు. వినలేదు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆగస్టు 10

ఈ రోజు చెబుదామనుకున్నాను. కొడుకు గిరిబాబు జువ్వలదిన్నె హార్బరు నుంచి ఫోన్ చేశాడు. వాడు ఇంజను బోటు మీద పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఆమె వాడితో మాట్లాడుతూ ఉండిపోయింది. కుదరలేదు.

ఆగస్టు 11

కుదరలేదు.

ఆగస్టు 13

ఏటి దగ్గరికి పోయాను. నీళ్లు లేవు. నడిమధ్యన మోకాలు లోతు, మిగతాదంతా బురద. మడచెట్ల కింద పీతబొరియలు నోళ్లు తెరుచుకుని ఎండిపోతున్నాయి. కొంగలు చేరాయి. వాసన ఊళ్లోకి వస్తోంది.

సాయిలక్ష్మి వాళ్లు రొయ్యలు ఆరబెట్టే అరలు ఒడ్డు మీదే ఉన్నాయి. వెదురు గుంజలు పాతి, వాటి మీద వల పరిచి కట్టినవి. ఇసుక అంటకుండా రొయ్య ఆరాలని ఆమే ఆలోచించి కట్టించింది. ఇప్పుడు ఉత్త వలలు గాలికి ఊగుతున్నాయి. ఒక కాకి వాలి చూసి లేచిపోయింది.

ఆ దారిన ఇక పోను. చుట్టుతిరిగి చర్చి వెనకనుంచి పోతాను.

ఆగస్టు 17

చుట్టుతిరిగి పోయినా తప్పలేదు. ఉషారాణి వాళ్ల అత్త పంపు దగ్గర కనబడి, బిందె కింద పెట్టి లేచి నిలబడింది. ఎప్పుడూ అట్లా నిలబడింది లేదు.

"నువ్వన్నా మా తట్టు మాట్లాడినావులే అన్నా. ఆ మాట చాలు" అంది. కొంగున ఉన్న తాంబూలం తీసి ఇచ్చింది.

తీసుకున్నాను. నమిలాను కూడా.

ఆగస్టు 19

చేపల పులుసులో తలకాయ ముక్క సాయిలక్ష్మి నా కంచంలో వేసింది. గిరిబాబు ఇంటికి వచ్చి ఉన్నాడు, అయినా నాకే వేసింది. "నాయన ఈమధ్య సరిగా తినడంలేదు" అన్నాడు వాడు. "ఊరి కోసరం ఒక్కడే పోట్లాడినాడు, మనసు విరిగింది. ఎట్ట తింటాడు?" అంది ఆమె.

తిన్నాను.

ఆగస్టు 20

మా ఆవిడ ఉంటే నా ముఖం చూసి కనిపెట్టేది. ఆమె దగ్గర నేను ఏదీ దాచాల్సిన పని ఉండేది కాదు, దాచినా దాగేది కాదు. సాయిలక్ష్మి కోడలు. నేను ఆమె ముఖం సరిగా చూసి మాట్లాడింది లేదు, ఆమె నా ముఖం చూసింది లేదు. అది మర్యాద అనుకున్నాము. అందుకనే కనిపెట్టలేకపోతోంది.

ఆగస్టు 27

ఈ రోజు పెద్దది రాయాలి.

కావలిలో మీటింగు. చిన్నచిన్న వ్యాపారాలు చేసే ఆడవాళ్లందరినీ పిలిచారు. బోగోలులో బస్సు ఎక్కి పోయాము. "నువ్వు రాకపోతే నాకు నోరు రాదు మామా, వెనక కూర్చో, చాలు" అంది సాయిలక్ష్మి. రానని అనలేకపోయాను. అనలేకపోవడం నాకు అలవాటు.

స్టేజీ మీద గుడ్డ కట్టి ఉంది. కూడబలుక్కుని చదివాను. ప్రకృతి నుంచి మహిళా వ్యాపారులు నేర్చుకోవలసినది. ఆనందకుమారి మేడం అని ఒకామె నడిపిస్తోంది. తెల్లచీర, మెడలో చిన్న సిలువ. మంచి మనిషి, ఎవరు మాట్లాడినా తల వంచి వింటుంది. సాయిలక్ష్మిని పిలిచింది.

మొదట చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత మైకు లేనట్టే మాట్లాడింది.

"మా ఊరి ఏటికి మొగ ఉండాది. సంవత్సరంలో సగం రోజులు మూసుకోనే ఉంటాది. కొత్తగా చూసినోళ్లు ఏరు చచ్చిపోయింది అనుకుంటారు. లోపల రొయ్య పెరగతా ఉంటాది. మా సంఘం కూడా అంతే. సరుకు ఉన్నన్నాళ్లు అమ్మతాం. అయిపోతే అయిపోయింది అంటాం, అంగడి మూస్తాం. మూసినప్పుడు అరలు బాగుచేసుకుంటాం, వలలు కుట్టుకుంటాం."

ఒకామె లేచి, తను పూలకొట్టు పెట్టుకున్నానని చెప్పి అడిగింది: "మూసుకుంటే గిరాకీ పోదా అక్కా?"

"పోతాది. మొదటేడు చానామంది పోయినారు. ఉండేవాళ్లు ఉండారు. వాళ్లు ఫోన్ చేసి, ఏమ్మా మీ ఏరు తెగిందా అని అడగతారు. మా రొయ్య సంగతి కాదు, ఏటి సంగతి అడగతారు."

ఆడవాళ్లు నవ్వారు. మేడం రాసుకుంది.

"పెద్ద ఆర్డరు వస్తే ఏం చేస్తావు?" అని ఇంకెవరో.

"పీతని చూడండక్కా. పెరగాలంటే పాత డిప్ప వదలాల. కొత్త డిప్ప గట్టిపడేదాకా మెత్తగా ఉంటాది. అప్పుడు బైటికొస్తే ఎవురైనా తినేస్తారు. అందుకని బొరియలోనే కూర్చుంటాది. మేం కూడా పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు వెంటనే ఒప్పుకోలా. ఒక ఏడు ఆగినాం. అరలు ఎక్కువ కట్టుకోని, చేతులు పెంచుకోని, ఆ తర్వాతే సరే అన్నాం. ఇవన్నీ నాకు మా మామ చెప్పినాడు."

నేను చెప్పింది నిజమే. ఎప్పుడో పీత పట్టి తెచ్చినప్పుడు, ఇది మెత్తగా ఉందేమని ఆమె అడిగితే చెప్పాను. నేను చెప్పింది పీత సంగతి. అందులో వ్యాపారం చూసింది ఆమె.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"ఈ ఏడు మొగ మూసి ఉండంగానే కొట్టినారు. ఏరూ పోయింది, మా పనీ పోయింది. దీంట్లో కూడా నేర్చుకునేది ఉండాది. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా మన ఏరు మన ఒక్కళ్లది కాదు. పక్కన ఉండే పెద్దోళ్ల చేత కూడా ఒప్పించుకోవాల. నేను ఒప్పించుకోలేకపోయినా. మా మామ ఒక్కడే నిలబడి వద్దన్నాడు. అదిగో, వెనక కూర్చోనుండాడు."

అందరూ తిరిగి చూశారు. మేడం నన్ను లేవమంది. లేచాను. చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది. "ఒక మాట చెప్పండి తాతగారూ."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. మైకు ఉంది. వినేవాళ్లు ఉన్నారు.

"కూర్చుంటానమ్మా" అన్నాను.

అందరూ నవ్వారు. మంచిగానే నవ్వారు. అంత గొప్ప పని చేసి ఎంత అణకువ అని ముందు వరసలో ఒకామె పక్కామెతో అంది. నాకు వినబడింది.

తిరుగు బస్సులో సాయిలక్ష్మి నిద్రపోయింది. తల కిటికీ ఊచకి తగులుతుంటే నా తువ్వాలు మడిచి మధ్యలో పెట్టాను. అది తప్ప ఆమెకు నేను చేసిన మంచి ఏదీ గుర్తుకు రాలేదు.

సెప్టెంబరు 2

మొగ మళ్లీ మూసుకుంది. ఎవరూ మూయలేదు. దక్షిణపు గాలికి అల ఇసుక తెచ్చి పోసింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

సెప్టెంబరు 5

సంఘం ఆడవాళ్లు చాలామంది రొయ్యల కంపెనీకి పోతున్నారు. తెల్లారకముందే వ్యాను వస్తుంది. చెరువు రొయ్యలకు తలలు తీసే పని. మొదట ఉషారాణి పోయింది. పోయేటప్పుడు వాకిట్లో నిలబడి, "ఏమనుకోబాకక్కా" అంది.

"ఏమనుకుంటానుమే. నాకూ ఒక చోటు ఉందేమో అడుగు" అంది సాయిలక్ష్మి.

సెప్టెంబరు 9

ఆమె కూడా పోతోంది.

సెప్టెంబరు 14

ఐసులో చేతులు పెట్టి పెట్టి ఆమె వేళ్ల చివరలు తెల్లగా పాలిపోయి ముడతలు పడ్డాయి. అన్నం కలుపుతుంటే కారం మంట. స్పూనుతో తింది. నేను చూడనట్టు చూశాను.

కావలి మేడం ఫోన్ చేసింది. ఇంకో మీటింగుకి రమ్మంటే, "పనిలో ఉండాను మేడం, కుదరదు" అంది. ఏం పని అని అటునుంచి అడిగినట్టుంది. "రొయ్యల పనే" అంది ఈమె, కొంచెం నవ్వి.

ఆమె వ్యాపారం చెడింది షావుకారు వల్ల కాదు, గిరాకీ వల్ల కాదు. నవ్వుతారేమోనని ఒక ముసలివాడు భయపడడం వల్ల.

రాశాను. ఇంతకాలం ఈ వాక్యం రాయలేదు.

సెప్టెంబరు 21

ఈ రోజు అరల దారినే పోయాను. చుట్టుతిరిగి పోవడం చాలనిపించింది.

నాలుగు వానలు పడి ఏట్లో కాస్త నీళ్లు నిలిచాయి. స్టీలు గ్లాసుతో ముంచాను. మొదట ఏమీ కనబడలేదు. ఎండకు పట్టి చూస్తే నల్లటి చుక్కలు, రెండేసి, రెండేసి. అవి కళ్లు. ఒళ్లు కనబడదు, అద్దం. రొయ్యపిల్లలు.

మొగ తెరిచి ఉన్న ఆ కొన్ని రోజుల్లో మనవి బయటికి పోతుంటే సముద్రం తనవి కొన్ని లోపలికి పంపింది. తర్వాత తనే తలుపు వేసింది.

గ్లాసు ఇంటికి తెచ్చి మెట్టు మీద పెట్టాను. సాయిలక్ష్మి వ్యాను దిగి వచ్చి, గ్లాసు చూసి, నన్ను చూసి, మళ్లీ గ్లాసు చూసింది. అక్కడే కూర్చుండిపోయింది.

"వచ్చినాయా మామా?"

"వచ్చినాయి."

"ఈ తూరి ఎవురూ చెయ్యి పెట్టకుండా ఉంటే?"

"కొత్తనీళ్లకి సగం చేతికొస్తాయి. మిగతాది వచ్చే ఏడాదికి."

ఆమెతో ఒక్కసారిగా నేను అన్ని మాటలు మాట్లాడింది లేదు.

సెప్టెంబరు 30

హజరత్తయ్యకి కూడా తెలిసింది. ఏట్లో నీళ్లు నిలిచాయి, రొయ్య పడింది, మళ్లీ కొడదాం అంటున్నాడు. ఎదురింటి అరుగు మీద కూర్చుని నాకు వినబడేలాగే అన్నాడు.

సాయిలక్ష్మి, ఉషారాణి, ఇంకొందరు పెద్దకాపు ఇంటికి పోయారు. మేము కూడా కట్ట దగ్గర మాట్లాడతాం అన్నారంట. "అట్టాంటి ఆనవాయితీ లేదుమ్మా. చెప్పుకోవాలంటే మీ మామ ఉండాడు కదా, ఆయన చేత చెప్పించుకోండి" అన్నాడంట రమణయ్య. చివరికి, దూరంగా వలల పాక దగ్గర నిలబడి వినడానికి ఒప్పుకున్నాడంట.

"ఈ తూరి మేం వెనకనే ఉంటాం మామా. నువ్వు ఒంటరివి కాదు" అంది సాయిలక్ష్మి.

అంటే వాళ్లు వింటారు.

అక్టోబరు 1

ఏం చెప్పాలో రాసుకుందామని కూర్చున్నాను. రాయలేదు. వల్లె వేసిన మాట వాడి నవ్వుకి నిలవదు.

అక్టోబరు 3

కట్ట జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆడవాళ్లు వలల పాక దగ్గర నిలబడ్డారు. సాయిలక్ష్మి ముందర ఉంది. కంపెనీ పని మానుకుని వచ్చారు అందరూ. హజరత్తయ్య చెప్పాల్సింది చెప్పాడు. రమణయ్య నన్నడిగాడు. "పోలన్నా, కొట్టేదేనా?"

"వద్దు" అన్నాను.

గొంతు సరిగా రాలేదు. మళ్లీ అన్నాను. "వద్దు."

హజరత్తయ్య వెనక్కి వాలి కూర్చున్నాడు. "ఓహో. కోడలు ఈ తూరి పాఠం గట్టిగా నేర్పించినట్టుండాదే."

నవ్వు మొదలైంది. ముఖం వేడెక్కింది, పోయినసారి లాగానే. పాక వైపు చూడలేదు.

"అవున్రా. కోడలే నేర్పింది" అన్నాను.

నవ్వు సగంలో ఆగింది. హజరత్తయ్య అటూ ఇటూ చూశాడు.

"ఏట్లో రొయ్య ఎట్ట పెరగతాదో నాకు తెలుసు. దాన్ని ఎట్ట కాపాడుకోవాల్నో నాకు తెలీదు. ఆయమ్మకి తెలుసు. పోయినసారి నువ్వు ఇదే మాట అంటే, నాకు సిగ్గేసి, తల ఊపినా. వద్దని చెప్పలా. కొట్టమని తల ఊపినా. మీరంతా చూసినారు."

"కట్ట మాట బైట చెప్పకూడదు పోలన్నా" అన్నాడు రమణయ్య మెల్లగా. పాక వైపు చూస్తూ అన్నాడు.

"నా మాట నేను చెప్పుకుంటుండా పెద్దకాపూ. వాళ్లు ఇన్ని రోజులు నేను వద్దన్నాననుకున్నారు. అనుకోనిచ్చినా. నాకు లేచి నిలబడినారు. తాంబూలం ఇచ్చినారు. కావలిలో చప్పట్లు కొట్టించినారు." కూర్చున్నాను.

హజరత్తయ్య బీడీ వెలిగించబోయి మానేశాడు.

రమణయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత ఊరికి ఆనగా దురాయి వేశాడు. కొత్తనీళ్లు వచ్చి మొగ తనంతట తను తెగేదాకా ఎవరూ పార పట్టకూడదు, ఏట్లో వల దించకూడదు. తప్పితే ఊరు వాళ్లతో మాట్లాడదు.

లేచి చూసేసరికి పాక దగ్గర ఉషారాణి వాళ్ల అత్త ఒక్కతే ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు 4

సాయిలక్ష్మి అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

అక్టోబరు 5

మాట్లాడలేదు. తలకాయ ముక్క గిరిబాబు కంచంలో వేసింది. అది న్యాయం.

అక్టోబరు 7

గిరిబాబుతో ఫోన్‌లో అంటుంటే వినబడింది. "తల ఊపినందుకు కాదు. మనిషన్నాక భయపడతాడు. నేను ఊరంతా తిరిగి మా మామ, మా మామ అని చెప్పుకుంటుంటే పక్కనే కూర్చోని విన్నాడు చూడు, దానికి."

నేను నేర్చుకోవలసిన వాక్యం ఇది. చూడకుండా వచ్చేదాకా వల్లె వేసుకున్నాను.

అక్టోబరు 9

మాట్లాడలేదు.

అక్టోబరు 12

తూర్పున మబ్బు దిగింది. పైనుంచి ఏట్లోకి ఎర్రనీళ్లు తిరిగాయి. ఇసుకదిబ్బకి జానెడు కిందనే ఉన్నాయి నీళ్లు. హజరత్తయ్య ఒడ్డున నిలబడి చూస్తున్నాడు, చేతిలో పార లేదు. నన్ను చూసి, "తెగతాదిరా ఈ వారం" అన్నాడు. "తెగతాది" అన్నాను. ఇద్దరం కాసేపు నిలబడ్డాము.

సంఘం ఆడవాళ్లు అరల మీద చినిగిన వలలు విప్పి కొత్తవి కడుతున్నారు. ఉషారాణి గుంజ పట్టుకుంటే సాయిలక్ష్మి ముడి వేస్తోంది. నన్ను చూసింది. మళ్లీ ముడి వైపు చూసుకుంది.

అక్టోబరు 13

అమ్మా సాయిలక్ష్మీ,

ఈ డైరీ నీ ఉప్పు డబ్బా పక్కన పెడుతున్నాను. ఎవరు మన్నించాలో తెలియకుండానే మొదటి పేజీలో మన్నించమని రాశాను. అది నీకే అనుకో. దీంట్లో కొత్తగా తెలిసేది ఏమీ లేదు, కట్ట మీద నువ్వు విన్నదే. కాని అక్కడ అందరికీ చెప్పాను, నీకు విడిగా చెప్పలేదు. ఎదురుగా నిలబడి చెబుదామంటే మామనని నువ్వు తల వంచుకుంటావు, నేనూ వంచుకుంటాను, మళ్లీ మాట ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

తప్పు చేశాను. తల ఊపినందుకు ఒకటి. నువ్వు నన్ను మోస్తుంటే దిగకుండా కూర్చున్నందుకు ఒకటి. రెండోది పెద్దది.

తలకాయ ముక్క నాకు వెయ్యక్కరలేదు.

కింద పేజీ ఖాళీగా ఉంచాను. కలం లోపలే పెట్టాను. తిట్టాలని ఉంటే తిట్టు. మాట్లాడనని రాసినా చదువుకుంటాను. రేపో ఎల్లుండో మొగ తెగుతుంది, ఆ తర్వాత నీకు రొయ్యల పనిలో తల ఎత్తే తీరిక ఉండదు. అందుకని తొందరగా రాయి. చదివి ఊరికే తల ఊపి పోవద్దు తల్లీ. రాయి.